పీల్చి చూపించు

మిర్చి సీజన్ మొదలైతే ఎనుమాముల మార్కెట్ గాలికి ఘాటు పడుతుంది. నిన్న అటుగా వస్తూ తుమ్ములు ఆగక బండి పక్కకు ఆపాను. గొంతు మండుతుంటే వసుంధర మేడం గుర్తొచ్చారు. ఆమె పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆయాసంతో ఎవరొచ్చినా, చీటీ రాసేటప్పుడు ఆమె పక్కనుంటే బాగుండుననిపిస్తుంది.

మార్కెట్‌కు దగ్గరున్న చిన్న సర్కారు దవాఖానాలో అప్పట్లో నేను కొత్త డాక్టర్ని, ఆమె మా పెద్ద డాక్టరు. ఆయాసమంటే అక్కడ అందరికీ ఒకటే అలవాటు: ఒక సూది, కొన్ని మాత్రలు. మాత్రలు ఎప్పుడూ స్టాకులో ఉంటాయి, జనమూ అవే అడుగుతారు, క్యూ చకచకా కదులుతుంది. నేనూ అలాగే రాశాను. మేడం ఆ చీటీ చూసి నవ్వారు.

"మందు పోవల్సింది ఊపిరితిత్తులకయ్యా. నువ్వేమో ఒళ్లంత తిప్పి పంపుతానవ్."

ఇన్‌హేలర్లు అయిపోతే మందుల గోదాముకు ఫోన్ల మీద ఫోన్లు చేసి వాళ్ల ప్రాణం తీసేవారు. రాసిచ్చి ఊరుకునే మనిషి కూడా కాదు. ఎదురుగా కూర్చోబెట్టి, సరిగా పీల్చి చూపించేదాకా పేషెంటును కదలనిచ్చేవారు కాదు. బయట క్యూ ఎంత సణిగినా సరే.

కొమురమ్మ ధర్మసాగర్ దగ్గరి పల్లె నుంచి సీజన్‌కు వచ్చి, మార్కెట్‌లో మిరపకాయల తొడిమెలు తీసేది. ఆ కూలీయే ఇంటికి ఆధారం. ఆయాసం ముదిరి పని పోయేలా ఉన్నా, ఇన్‌హేలర్ చేతిలో పెడితే బెదిరిపోయింది.

"గా పంపు నాకొద్దు మేడం. మొదలువెడితె సచ్చేదాక ఇడువదట. జర సూది ఎయ్యిండ్రి."

"సూదితోని ఇయ్యాల గడుస్తది. రేపు మళ్ల దమ్ము లేస్తె?"

కొమురమ్మ పంపు తీసుకుంది గానీ మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు ఓపీ అయ్యాక మేడం నన్ను వెంటబెట్టుకుని మార్కెట్‌కు వెళ్లారు. కొమురమ్మ కాయల కుప్ప పక్కన రొప్పుతూ కూర్చుంది. పంపు ఏదని అడిగితే తోటి ఆడవాళ్లను చూసి తల దించుకుంది. రోగమని తెలిస్తే పనికి పిలవరని ఆమె భయం. మేడం ఆమె పక్కనే ఆ దుమ్ములో చతికిలబడ్డారు. బ్యాగులోంచి తన ఇన్‌హేలర్ తీసి, అందరూ చూస్తుండగా మెల్లగా పీల్చి, ఊపిరి బిగబట్టి వదిలారు.

"నాది గూడ దమ్మేనమ్మా, చిన్నప్పటి సంది. ఇది పీల్చుకుంటనే సదువుకున్న, కొలువు జేస్తాన్న, మీతోని లొల్లి వెట్టుకుంటాన్న."

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. కొమురమ్మ రొంటిన దాచుకున్న పంపు తీసి, నోట్లో కొట్టుకుని గుటుక్కున మింగింది.

"మింగుడు గాదు బిడ్డా, పీల్చుడు. మళ్ల."

ఆ సీజన్ అంతా ఆమె పని చేసింది. ఆ తర్వాతి సీజన్లలోనూ వచ్చింది. మేడం రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు వచ్చి ఓపీలో కూర్చునేవారు. పోయిన వానాకాలంలో గుండెపోటుతో వెళ్లిపోయారు.

ఇవాళ పొద్దున కొమురమ్మ కొత్త పంపు కోసం వచ్చింది.

"మేడం ఇయ్యాల వస్తదా సార్?"

మేడం ఇక లేరని చెప్పాను. నేనిచ్చిన కొత్త పంపును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిరుడు మందు బయటికి వోతాందని తిట్టింది. ఇప్పుడు మంచిగ వస్తాంది, సూపెడుదామని వచ్చిన," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని పంపు ఊపింది. "ఇగ మీరే సూడుండ్రి."

పీల్చింది. నేను చూశాను. మేడం చూసినట్టు చూడటం నాకింకా రాలేదు.