బ్యాటుకు పెట్టిన బొట్టు

ఇప్పటికీ దసరా వచ్చిందంటే మా అన్న ఎవరో ఒకరికి ఆ మాట చెప్పి తీరతాడు. "ఒక యేడు మా పాప ఏడిస్తే, పాపం, ఆట సామానుకు గూడా బొట్టు పెట్టినాం." వినేవాళ్లు నవ్వుతారు. నేనూ అక్కడే ఉంటాను, చేతిలో ఏ పళ్లెమో పట్టుకుని. ఆ పాపను నేనే. బొట్టు పెట్టింది నిజం. ఏడ్చింది మాత్రం పచ్చి అబద్ధం.

మాది డోన్‌లో ఇనుప సామాను అంగడి. గడ్డపారలు, కొడవళ్లు, గొలుసులు, తాళాలు. ముందు అంగడి, వెనక ఇల్లు. ఆడపిల్లల బడి రైలు పట్టాలకు అవతల ఉండేది. గూడ్సు బండి అడ్డంగా నిలబడితే పిల్లలం పెట్టెల కింద దూరి పోయేవాళ్లం. ఒకరోజు నేను ఇటు బయటికి రాగానే బండి కదిలింది. అది అమ్మ కంటబడింది. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తర్వాత లెక్కలూ తెలుగూ నాయన దగ్గర అంగట్లో కూర్చుని నేర్చుకున్నాను, స్తోత్రాలు అవ్వ దగ్గర. అందుకు నాకు చింత లేదు. ఇద్దరూ విసుక్కోకుండా చెప్పారు. రోజూ పొద్దున్నే వాళ్లను తలచుకుని దండం పెట్టుకుంటాను.

రెండు వేల నాలుగో ఐదో, బిల్లులు కొట్టడానికి అంగట్లోకి కంప్యూటరు వచ్చింది. అన్న హైదరాబాదు నుంచి విమానం నడిపే ఆట సీడీ, దానితోపాటు చేత్తో పట్టుకుని తిప్పే జాయ్‌స్టిక్కు తెచ్చాడు. తన కోసమే తెచ్చుకున్నాడు. వారం రోజులు విమానాలను వరసగా నేలకేసి కొట్టి, విసుగొచ్చి వదిలేశాడు. మధ్యాహ్నం అంగడి మూసి అందరూ కునుకు తీసే వేళ నేను కూర్చోవడం మొదలుపెట్టాను. తెచ్చిన పుణ్యం అన్నదే, కాదనను.

మొదట మన ఊరు వెతికాను. ఆ ఆట తయారుచేసినవాళ్ల మీద నాకు ఇంకా కోపమే. వాళ్ల ఊళ్లలో మేడ మేడా నిలబెట్టుకున్నారు. మన సీమ మొత్తానికీ ఒక మట్టిరంగు గుడ్డ పరిచి ఊరుకున్నారు. డోన్ లేదు. రైలు పట్టాలు లేవు. తుంగభద్ర ఉంది గానీ, ఒకచోట గుట్ట ఎక్కి అవతలికి దిగుతోంది! మంత్రాలయం ఉండాల్సిన చోట ఒట్టి నేల. అయినా స్వామి ఉన్నచోటే కదా అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. చేతులు దించేలోపు విమానం కూలింది.

ఇక చేసేదిలేక వాళ్ల ఊళ్ల మీదే ఎగిరాను. ఎత్తుకు పోతే ఏమీ ఉండదు. పదివేల అడుగుల మీద విమానం కదలనట్టే ఉంటుంది, కింద నేల గోడమీది పటంలా పడి ఉంటుంది. దిగాలి. ఐదువందలు, రెండువందలు, వంద. అప్పుడు నీళ్ల మీద విమానం నీడ కనిపిస్తుంది, ఎక్కడో ఈగంత. ఇంకా దిగితే ఆ నీడ పరుగెత్తుకుంటూ మన దగ్గరికి వస్తుంది, దానికి రెక్కలు తెలుస్తాయి, తోక తెలుస్తుంది. యాభై అడుగుల దగ్గర నీడా విమానమూ పక్కపక్కనే పోతుంటాయి. నీళ్లు గీతలు గీతలుగా వెనక్కి జారిపోతాయి. చెయ్యి కాస్త వణికితే చాలు, రెండూ ఒకటైపోతాయి. ఆ ఎత్తులో నాకు ఊపిరి తీసుకోవడం గుర్తుండేది కాదు. మనసు అంత కుదురుగా నిలవడం పూజలో తప్ప ఇంకెక్కడా ఎరగను, పూజలోనైనా ఎప్పుడో ఒకనాడు.

అలా రెండేళ్లు ఎగిరాను. చేతికి పట్టు దొరికింది.

ఇనుప అంగడికి ఆయుధ పూజే పెద్ద పండగ. సామాన్లన్నీ కడిగి అమ్మవారి పటం ముందు వరసగా పేర్చడం నా పని, బొట్లు పెట్టడం అన్న పని. ఆ యేడు తక్కెడకు పెట్టాడు. కంప్యూటరుకు, మౌసుకు, స్టేప్లరుకు, తిరగని టేబుల్ ఫ్యానుకు కూడా పెట్టాడు. మౌసు పక్కన నేను తుడిచి పెట్టిన జాయ్‌స్టిక్కును మాత్రం తీసి అటక మీదికి విసిరాడు.

"అదెందుకు తీసినావన్నా?"

"అది ఆట సామానుమే. ఆటబొమ్మకు యాడన్నా పూజ చేస్తారా? అన్నం పెట్టేవాటికి చేస్తారు. నీది కత్తిపీట ఉండాది కదా, దానికి పెట్టినా."

గమ్మున ఊరుకునేదాన్నే. కానీ నా చూపు వరస చివరికి పోయింది. గడ్డపారల పక్కన, పసుపు పూసుకుని, మూడు బొట్లు పెట్టుకుని, అన్న క్రికెట్ బ్యాటు నిలబడి ఉంది.

"మరి ఇది ఎవరికి అన్నం పెట్టినాది?"

"అది వేరే. దాంతో నేను మ్యాచి గెలిచినా."

"గెలిచినావు," అన్నాడు వెనక నుంచి నాయన. "అవతలోళ్లు రాకపోతే."

నాయన నవ్వాడే గానీ తీర్పు చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ప్రతి చేతికీ ఒక పని ఉందని అమ్మవారికి చూపించే రోజది. అన్న చేతికి మూడు బొట్ల ఆట ఉండొచ్చు, నా చేతికి కూరగాయలు తరగడం తప్ప ఏమీ రాదనా? జాయ్‌స్టిక్కు దించమన్నాను. దించనన్నాడు. దించేదాకా హారతి పళ్లెం ముట్టుకోనన్నాను.

"సరే, అంత వస్తాదంటే ఒకటి చెయ్," అన్నాడు. "ఆటలో నీళ్ల మీద ఆ ఎర్ర వంతెన ఉండాది సూడు, దాని కింద విమానం దూర్చు. తగలకుండా అవతలికి పోతే నా చేత్తో నేనే పెడతా. తగిలిందా, అటకే."

ఆ ఇనుప వంతెనకు అన్న కొట్టిన విమానాలకు లెక్కలేదు. పది గంటలకు కరెంటు కోత. పూజ అయిపోతే మరుసటి రోజు దాకా దేన్నీ ముట్టుకోకూడదు. గోడ గడియారంలో పదికి ఇంకా పావుగంట ఉంది. నేనే అటకెక్కి జాయ్‌స్టిక్కు దించుకుని తగిలించి, కీబోర్డు మీది కుంకుమ చెరగకుండా వేళ్లు పెట్టి, చిన్న జెట్టు విమానం ఎక్కాను. నా వెనక కుర్చీలో అవ్వ కూర్చుంది. అవ్వకు మెడ పట్టేసి ఏళ్లయింది. దేవుడికి మొక్కినా తల వంగేది కాదు.

లేచాను, తిరిగాను, నీళ్ల మీదికి దిగాను. నీడ వచ్చి కలిసింది. కంప్యూటరులోంచి మగగొంతు అరవడం మొదలుపెట్టింది, పుల్ అప్, పుల్ అప్ అని.

"ఎవుడుమే వాడు, అట్ల అరుస్తాండాడు?"

"పైకి లేపమంటాండాడవ్వా."

"లేపు మరి! అంత చెప్తాంటే వినవేమే?"

"తగుల్తాది, తగుల్తాది," అని అన్న నా చెవి దగ్గరే జపం.

వంతెన పెరిగింది. ఎర్ర దూలాలు తెరంతా నిండాయి. "తల, తల!" అని అవ్వ కేకేసింది. మీదుగా ఒక నీడ జారిపోయింది. అవతల ఎండ, నీళ్లు, నీళ్ల మీద నా విమానం నీడ. అంతే, తెర నల్లబడింది.

"తగిలినాది!" అన్న చప్పట్లు కొట్టాడు. "అందుకే నల్లగైపోయినాది."

"కరెంటు పోయినాదన్నా. పైన ఫ్యాను సూడు."

"కరెంటు పోయినాది నిజమే. అంతకుముందే తగిలినాది."

అంత పెద్ద మనిషి, అమ్మవారి ముందు నిలబడి, చేతికి కుంకుమ ఉండగానే ఆ మాట అన్నాడు! చూపించడానికి ఏమీ మిగల్లేదు, నల్ల తెర తప్ప.

"రేయ్, గమ్మునుండు," అంది అవ్వ. "వంతెన మీదికొచ్చినాదని నేను తల వంచినా. పోయినాది, ఎత్తినా. ఎత్తి సూస్తే ఎండ. ఆ తర్వాత గదరా నల్లగైంది? తగిలింటే నేనింకా వంగే ఉందును."

నాయన అవ్వ కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"నీ మెడ వంగినాదా?" అన్నాడు నాయన.

అవ్వ చెయ్యి వెనక్కి పెట్టి మెడ తడుముకుంది. మెల్లగా వంచింది, ఎత్తింది. "వంగినాదే!"

అన్న ఇక జాయ్‌స్టిక్కును అటక ఎక్కించలేదు, నా చేతిలోంచి తీసుకున్నాడు. దాని నెత్తిన ఆవగింజంత బొట్టు పెట్టి, స్టేప్లరు అవతల నిలబెట్టాడు. నేను హారతి వెలిగించి పాట ఎత్తుకున్నాను. అప్పుడే ఎదురంగడాయన భార్యతో కలిసి హారతికి వచ్చాడు.

"ఇదేందప్పా, గడ్డపారల్లో ఈ కొమ్ము?"

"మా పాపదిలే. ఏడిస్తే పెట్టినాం," అన్నాడు అన్న.

చేతిలో హారతి, నోట్లో పాట. రెండూ ఆపకూడదు. సాక్ష్యం చెప్పాల్సిన అవ్వ ఎదురంగడాయన భార్యకు మెడ వంచి చూపించడంలో మునిగిపోయింది. పాట గొంతు పెంచాను. బ్యాటు ముందు పళ్లెం తిప్పాను, తిప్పక తప్పదు. జాయ్‌స్టిక్కు ముందు రెండు చుట్లు ఎక్కువ తిప్పాను. అవ్వ మెడ వంచినందుకు అమ్మవారికి అక్కడే మొక్కుకున్నాను. అన్న మీద కోపం దించమని మాత్రం అడగలేదు.