తిరిగేదానికే బొట్టు

మామూలు మౌస్‌ను బల్ల మీద జరుపుతాం. ట్రాక్‌బాల్ జరగదు. పెట్టిన చోటే కూర్చుంటుంది. నడుమ ఉన్న బంతిని రెండు వేళ్లతో దొర్లిస్తే తెర మీద బాణం కదులుతుంది. డబ్బా విప్పిన రోజు అది ఎట్లా పని చేస్తుందో చూడాలన్న ఆత్రమే తప్ప, దాంతో పని మొదలుపెట్టాలన్న ధ్యాస నాకు లేదు. అడుగున ఉన్న చిల్లులోంచి పెన్సిల్‌తో నెడితే బంతి బయటికి వచ్చింది. పెద్ద ఉసిరికాయంత ఉంది, ఎర్రగా, ఒళ్లంతా సన్నటి నల్ల చుక్కలు. అది కూర్చునే గుంటలో మూడు తెల్లటి గింజలు, వాటి మధ్య చిన్న గాజు కన్ను. చుక్కలు ఎటు పోతున్నాయో ఆ కన్ను చూస్తుంది, బాణం అటే నడుస్తుంది. బంతి తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం. వెనక కూర్చున్న సర్వేయర్ సారు గొంతు సవరించుకునేదాకా నేను ఆపలేదు.

మాది ఇల్లందు దగ్గర ఒక బొగ్గుగని సర్వే ఆఫీసు. కింద ఎంతవరకు తవ్వారో కొలతలు వస్తాయి, వాటిని కంప్యూటర్‌లో ప్లానుగా గీసేది నేను. వెనకటి కాలంలో తవ్వి వదిలేసిన చోట్ల నీళ్లు నిలిచి ఉంటాయి. వాటికి ఎంత దూరంలో ఆగాలో ప్లాను చెబుతుంది. కింద పనిచేసేవాళ్లు దాన్ని నమ్ముకుని ముందుకు పోతారు. కాబట్టి నా గీత పక్కకు పోవడానికి వీల్లేదు.

కానీ ఏళ్ల తరబడి మౌస్ తోసి తోసి నా కుడి మణికట్టు పాడైంది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు నొక్కి చూసి, చేతికి అప్పుడప్పుడు సెలవు ఇమ్మన్నాడు. ఇస్తానన్నాను, ఇవ్వలేదు. చివరికి గీస్తుంటే నా వేళ్లు వణకడం సర్వేయర్ సారు కంట పడింది. ఆయన కోపిష్టి కాదు, అదే చిక్కు. అరిస్తే నేనూ అరిచేవాణ్ని. దసరా దాకా చూద్దామని, కుదరకపోతే ప్లాన్లు ఇంకొకరికి అప్పజెప్పి నన్ను టపా సెక్షన్‌కు పంపుతానని ఎంతో మెల్లగా చెప్పాడు. ఉత్తరాల మీద ముద్రలు గుద్దుకుంటూ కూర్చున్న నన్ను నేను ఊహించుకోలేకపోయాను. నిజంగానే భయం వేసింది. ఆ భయంలోనే నెట్‌లో వెతికి ఈ బంతి యంత్రాన్ని తెప్పించుకున్నాను.

మొదటి వారం ప్లానులో గ్యాలరీల, అంటే గని లోపలి సొరంగాల, గోడలన్నీ వంకర్లు తిరిగాయి. చెయ్యి అలవాటు కొద్దీ మొత్తం డబ్బానే తోసేది. ఆఫీసులో పనీపాటా లేని వేళ్లన్నీ వచ్చి ఆ బంతి మీద ఓ తిరుగుడు తిరిగిపోయాయి. మూడో వారానికి మణికట్టు బల్ల మీద వాలి ఉండటం, వేళ్లు మాత్రమే కదలడం ఒంటికి పట్టింది. వణుకు పోయింది. గీత ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగింది.

పండుగ ముందురోజు ఆఫీసులో పనిముట్ల పూజ. మాకు పళ్లెం పట్టుకొచ్చేది ఆఫీసు ఊడ్చే అక్క. ఆమె భర్త గనిలో బొగ్గు తొట్లను లాగే ఇంజను నడిపేవాడు. జబ్బు చేసి పోతే ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. తిరిగేదానికే బొట్టు పెట్టాలని ఆయన చెప్పేవాడట: ఇంజను డ్రమ్ముకు, పంపు చక్రానికి. కంప్యూటర్ ఆమెకు ఎప్పుడూ ఒక తలనొప్పే. దానిలో తిరిగేదేదీ కనిపించక, తెర నెత్తిన ఇంత కుంకుమ అద్ది అసంతృప్తిగా వెళ్లిపోయేది.

ఆ ఏడు ఆమె కళ్లు బంతి మీద పడ్డాయి.

"ఇన్నేండ్లకు నీ తాన గూడ తిరిగేదొకటి దొరికింది సారూ," అంది.

తడి పసుపు నిండుగా రాసి, మీద కుంకుమ పెట్టింది. ఏదీ, తిప్పి చూపించమంది. తిప్పాను. బొట్టు కిందికి పోయింది, బాణం తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. ఇద్దరికీ సంతోషమే.

పండుగ దాటిన తర్వాత సర్వేయర్ సారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. నీళ్లున్న పాత తవ్వకం అంచు గీయమన్నాడు. సగం దాకా బాగానే వచ్చిన బాణం ఉన్నట్టుండి దూకింది. మళ్లీ గీశాను, మళ్లీ దూకింది. ఆయన ఫోన్ మాట్లాడటానికి లేచి బయటికి వెళ్లాడు. నా చెయ్యి అయిపోయిందనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంత దుఃఖంలోనూ ఒక అనుమానం పీకింది. దూకుతున్నది నేనా, అదా? చెయ్యి తీసేసి, పెన్సిల్ వెనక రబ్బరుతో బంతిని తిప్పి చూశాను. అప్పుడూ దూకింది. అంత హాయి నాకు మరెప్పుడూ కలగలేదు. బంతి పైకి తీస్తే మూడు గింజలూ పచ్చగా ఉన్నాయి, గాజు కన్ను మీద ఎండిన పసుపు పొర కట్టి ఉంది. రుమాలుతో తుడుస్తుండగా అక్క చీపురుతో వచ్చి చూసింది. ఏమైందని అడిగితే బొగ్గు దుమ్మన్నాను. సారు తిరిగి వచ్చేసరికి గీత తిన్నగా వచ్చింది. టపా సెక్షన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మరుసటి దసరాకు అక్క పళ్లెం పట్టుకొచ్చి నా బల్ల దగ్గర నిలబడిపోయింది. పెట్టొద్దని ఎట్లా చెప్పాలా అని నేను సతమతమవుతున్నాను. ఆమే మాట ఎత్తింది.

"పోయినేడు నా పసుపుతోనే గదా గది సతాయించింది. నీ రుమాలు నేను సూడలేదా?"

ఆమె బంతి వైపు, దాని మీద ఉన్న నా వేళ్ల వైపు కాసేపు చూసింది.

"చెయ్యి ఇటియ్యి బిడ్డా," అంది.

బంతిని తిప్పే రెండు వేళ్ల మీదా పసుపు రాసి, కుంకుమ పెట్టింది. నేను మళ్లీ బంతి మీద చెయ్యి వేయబోతే పట్టుకుని ఆపింది.

"పూజైన సామానుతోని ఇయ్యాల పని చెయ్యొద్దు."

తెర మీద ప్లాను సగంలో ఉంది. సర్వేయర్ సారు నా వేళ్ల వైపు చూసి, పండుగ తర్వాత చేద్దామన్నాడు. డాక్టరు ఎంత చెప్పినా విననివాణ్ని, ఆఫీసు మూసేదాకా ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.