సైబీరియా ముగ్గు

మా తాతలు చిన్నపాటి జమీందార్లు. ముగ్గుల పోటీలు పెట్టి ఊరికి పట్టుచీరలు పంచిన ఇల్లు మాది. ఇప్పుడు కలకత్తా పక్కన లిలువాలో రెండు గదుల అద్దె వాటా. అయినా ఉగాదికి గార్డెన్ రీచ్ తెలుగువాళ్లు పెట్టిన ముగ్గుల పోటీకి నేను పేరిచ్చింది బహుమతి చీర కోసం కాదు. పోటీలు పెట్టిన ఇంటి ఆడపడుచుని, మొదటిసారి పోటీకి దిగుతున్నాను. రెండో స్థానంతో తిరిగి రాకూడదు.

అందరూ నెమళ్లు, కలశాలు వేస్తారు. నేను బడిలో భూగోళం చెప్పేదాన్ని. సైబీరియా వేశాను. ఉత్తరాన మంచునేల తెలుపు, దాని కింద అడవి ముదురాకుపచ్చ, దక్షిణాన గడ్డినేల పసుపు. ఎర్ర చుక్కలు జనం. దక్షిణాన రైలుదారి వెంట గుంపులు గుంపులుగా, పైకి పోయేకొద్దీ పలచగా. వేస్తుంటేనే ఒళ్లు పులకరించింది. ఆ కాస్త గచ్చు మీద ఎంత చలి, ఎంత అడవి!

తోడు మా అన్న భార్య. నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి తెల్లటి మంచునేలంతా ఎర్ర చుక్కలు.

"ఏటొదినా ఇది!"

"బోసిగా ఉందని నింపీసినాను. పండగపూట ముగ్గులో అంత ఖాళీ ఒగ్గేస్తారేటి?"

"అది మంచు. అక్కడ మనుషులు ఉండరు!"

"ఇప్పుడున్నారు. హౌరాలో లోకల్ రైలు దిగినట్టు దిగీసినారు."

న్యాయనిర్ణేతలు రెండు ముగ్గుల అవతల ఉన్నారు. ముగ్గును కాలితో చెరపకూడదు. ఎవరి ముందూ నడుము వంచని నేను మోకాళ్ల మీద కూలబడి, చుక్క చుక్క మీదా తెల్లపిండి చల్లాను. అటువైపు వదిన చల్లుతూ చుక్కలను అదిలిస్తోంది: "పోండర్రా, పోండి! సలికి సచ్చిపోతారు!"

నవ్వాపుకోలేక నా చెయ్యి తగిలి గీత ఒకటి వంకరపోయింది.

న్యాయనిర్ణేతల్లో ముందు వచ్చిన పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. "ఇంత ఖాళీ ఏటమ్మా? రంగు సాల్లేదా?"

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "ఖాళీ కాదు దీదీ, సలి. అక్కడ జనం ఉండలేరు."

"మరి ఆ ఒక్క సుక్క?"

చూశాను. మంచు నడుమ ఒకటి మిగిలిపోయింది.

"ఆడు మొండోడు. ఎల్లనన్నాడు," అంది వదిన.

"గనుల ఊరండీ," అన్నాను గబగబా. "అంత చలిలోనూ గనుల కోసం అక్కడక్కడా ఊళ్లు కట్టుకుని ఉంటారు."

ఆవిడ వంగి ఆ చుక్కను చాలాసేపు చూసింది. వెనకున్నవాళ్లను కూడా పిలిచి చూపించింది.

మొదటి బహుమతికి మమ్మల్ని పిలిచినప్పుడు గంభీరంగా నడిచి వెళ్దామనుకున్నాను. వదిన చెయ్యి పట్టుకు లాగింది. ఇద్దరం పరుగెత్తాం.