పూత కింద బోల్టులు

హీట్ గన్ వేడి తగలగానే నల్ల రబ్బరు పూత ముందు మెరుస్తుంది, తరవాత మెత్తబడుతుంది. అప్పుడొక వాసన వస్తుంది. కాలిన సైకిలు ట్యూబు వాసనకి దగ్గరగా ఉంటుంది గాని అంతకంటే ఘాటు, గొంతులోకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఏలూరులో నా షెడ్డు ముందు నిన్న పొద్దున ఒక వ్యాను తొట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ పని చేస్తుంటే దగ్గొచ్చింది. "మాస్కు పెట్టుకోండి రత్నం గారూ, మీ ఊపిరితిత్తులకి విడి భాగాలు దొరకవు" అని సుభద్ర గారు అన్నట్టే అనిపించింది. ఆవిడ పోయి మూడేళ్ళు. ఇప్పటికీ మాస్కు మరిచిపోయినప్పుడల్లా నాకు చీవాట్లు పడుతూనే ఉంటాయి.

సుభద్ర గారు తాడేపల్లిగూడెంలో బండ్ల బాడీ షెడ్డు నడిపేవారు. వాళ్ళ నాన్నగారిది లేతు పని. ఆయన కొడుకుల్ని చదివించారు, కూతురు మాత్రం లేతు పక్కనే పెరిగింది. ఆయన పోయాక షెడ్డు అమ్మేద్దామని అన్నదమ్ములు వస్తే, "పని నాకు వచ్చు, అమ్మడం మీకు వచ్చు. పని వచ్చినవాళ్ళ దగ్గరే ఉండనివ్వండి" అని తాళం చేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారట. పొట్టి మనిషి. చీర మీద ఖాకీ చొక్కా వేసుకునేవారు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఆవిడ ముందే నిలబడి "మేస్త్రి గారు ఎక్కడండీ?" అని అడిగేవారు. ఆవిడ పానా పట్టుకున్న చెయ్యి పైకెత్తేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "అడగడానికే వచ్చారా, బండి కూడా తెచ్చారా అండీ?" అనేవారు.

నేనూ ఆవిడ దగ్గరకి డ్రైవరుగానే వెళ్ళాను. కొల్లేరు చెరువుల మీద చేపలు కొని పంపే ఒక వ్యాపారి దగ్గర పికప్ వ్యాను నడిపేవాణ్ణి. తెల్లవారగానే ఊళ్ళోని ఆడవాళ్ళని తొట్టిలో ఎక్కించుకుని చెరువు గట్టుకి తీసుకెళ్ళేవాణ్ణి. వాళ్ళు చేపలు ఏరి, ఐసు వేసి, ట్రేలు నింపేవారు. మధ్యాహ్నం అదే తొట్టిలో ట్రేలు. ఐసు నీళ్ళకి ఇనుము తుప్పు పడుతోందని మా మేనేజరు తొట్టి అంతా రబ్బరు పూత కొట్టించాడు. రేకులు, అంచులు, బోల్టుల తలలు, అన్నీ ఒకే నలుపు. చూడ్డానికి కొత్త బండిలా ఉండేది. ఏడాది గడిచాక మలుపుల్లో వెనక నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. నేనేం చేశానో దాచను. పాటల సౌండు పెంచాను. వెనక ఇరవై మంది కూర్చుని ఉండేవాళ్ళు. అందులో మంగమ్మ అనే పెద్దావిడ "బాబూ, మా కింద ఏదో కొట్టుకుంటోందయ్యా" అని రెండుసార్లు చెప్పింది. చూపిస్తాలే అన్నాను. చూపించలేదు.

చప్పుడు మేనేజరు చెవిలో పడ్డాకే నన్ను తాడేపల్లిగూడెం పంపాడు. ఎక్కడ ఊగుతోందో అక్కడ ఒక వెల్డింగ్ ముక్క పెట్టించుకుని సాయంత్రానికి రమ్మన్నాడు. సుభద్ర గారు బండి కిందకి దూరి చూసి బయటికొచ్చారు. "నట్లు ఛాసిస్ లోపల వెల్డింగ్ చేసి ఉన్నాయండి, కింద నుంచి ఏమీ తెలియదు. పైన పూత తీసి, తొట్టిని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు చూడాలి" అన్నారు. నేను మేనేజరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"బోల్టుల జోలికి వెళ్ళొద్దని చెప్పు. పూత తీస్తే గ్యారంటీ పోద్ది" అన్నాడతను.

"గ్యారంటీ రబ్బరుకాండీ, ఎక్కే మనుషులకాండీ?" అని అడిగారావిడ. అతను ఫోన్ పెట్టేశాడు. ఆవిడ కత్తి తీసుకుని తొట్టిలోకి ఎక్కారు.

అంత ఓపికగా చేసే పని నేనంతకు ముందు చూడలేదు. బోల్టు తల ఎక్కడుందో వేలితో తడిమి, దాని చుట్టూ గుండ్రంగా కత్తితో గాటు పెట్టారు. అలా గాటు పెట్టకపోతే పక్కనున్న మంచి పూత కూడా లేచిపోతుందట. తరవాత హీట్ గన్ కొంచెం దూరం నుంచి తిప్పుతూ వేడి చేశారు. మంట పెడితే విషపు పొగ వస్తుందని గ్యాసు దీపం దగ్గరికి కూడా రానివ్వలేదు. మెత్తబడ్డ పూతని మొండి ఉలితో ఎత్తి, మూలల్లో మిగిలింది సూదిలాంటి కొక్కెంతో గీకి, వైరు బ్రష్షుతో రుద్దారు. ఆరు పలకలూ శుభ్రంగా కనిపించాకే సాకెట్టు పెట్టి సుత్తితో మెల్లగా తట్టి కూర్చోబెట్టారు. "రబ్బరు మిగిలి ఉండగా తిప్పామంటే సాకెట్టు జారి తల నలిగిపోతుందండి. ఆ తరవాత ఎవరొచ్చినా ఏం చెయ్యలేరు" అన్నారు.

మొదటి రెండు బోల్టులు గట్టిగానే ఉన్నాయి. మూడోది సాకెట్టు పెట్టక ముందే, పూతతో పాటు తల ఊడి ఆవిడ అరచేతిలోకి వచ్చేసింది. కింద కాడ ఎప్పుడో తుప్పు తిని తెగిపోయింది. తలని అక్కడ నిలబెట్టింది రబ్బరు ఒక్కటే. ఎనిమిదింటిలో నాలుగు అలాగే వచ్చాయి. నేను తొట్టి అంచు పట్టుకుని కిందకి చూస్తూ ఉండిపోయాను. ఏడాదిగా నా వెనక ఇరవై మంది కూర్చున్నది దీని మీదే.

మధ్యాహ్నం మూడింటికి మేనేజరు కారులో వచ్చాడు. తలలు చూపిస్తే చూడలేదు. రేపు చెరువులో చేపల పట్టుబడి ఉంది, బండి ఇప్పుడే కావాలన్నాడు.

"మీ బండి మీదేనండి. తాడు కట్టి లాక్కెళ్ళండి. నడుపుకుంటూ మాత్రం నా గుమ్మం దాటదు" అన్నారు సుభద్ర గారు.

"నువ్వెవరమ్మా చెప్పడానికి? గూడెంలో షెడ్డులే లేవా? రేపటి నుంచి మా వైపు బండి ఒక్కటి నీ దగ్గరికి రాదు."

"రాకపోతే ఖాళీగా కూర్చుంటానండి. అది నాకు చేతనవును."

అతను నా వైపు తిరిగి బండి ఎక్కమన్నాడు. నాకు ఇద్దరు పిల్లలు, వేరే పని లేదు. తాళాలు జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టాను. "ఇవిగోనండి. నేను ఎక్కను" అన్నాను. అంతకంటే పెద్ద మాట ఏదీ నా నోటికి రాలేదు. అతను నా ఉద్యోగం పోయిందని చెప్పి, తిట్టి, ఇంకో బండి పిలిపించి వ్యాను లాగించుకుపోయాడు.

ఆ కారు మలుపు తిరిగేదాకా సుభద్ర గారు కదల్లేదు. తరవాత టీ తెప్పించారు. గ్లాసు ఎత్తితే ఆవిడ చెయ్యి వణికి చీర మీద ఒలికింది. భయం లేని మనిషి అనుకున్నాను అంతవరకు. ఆవిడ దాచుకోలేదు, తుడుచుకోలేదు. "మీరు ఎక్కనన్నారు సరే, వెనక ఎక్కేవాళ్ళకి ఎవరు చెప్తారండీ?" అన్నారు.

మర్నాడు తెల్లవారగానే ఊళ్ళోకి వెళ్ళాను. ఊడిన తలలు నాలుగూ చేతి రుమాల్లో ఉన్నాయి. వ్యాను అప్పటికే వచ్చి ఉంది, కొత్త డ్రైవరు, పూత తీసిన చోట్ల మళ్ళీ నల్ల రంగు. ఆడవాళ్ళు ఎక్కబోతుంటే మంగమ్మ చేతిలో తలలు పెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ వాటిని తిప్పి చూసింది. నన్ను కూడా చూసింది, చాలాసేపు. "నేను చెప్పినప్పుడు విన్నావు కాదు" అంది. అనవలసిన మాటే. తరవాత గంప రోడ్డు మీద బోర్లించి దాని మీద కూర్చుంది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కూర్చున్నారు. మేనేజరు మనుషులు బతిమాలారు, బెదిరించారు. చెరువులో వల పడి ఉంది, ఎండెక్కుతోంది. ఎనిమిది గంటలు దాటాక మూడు ఆటోలు వచ్చాయి. వ్యాను బోల్టులు మార్చుకు రావడానికి భీమడోలు వెళ్ళింది. ఆ తరవాత కూడా, బోల్టులు చూపించందే మంగమ్మ దాంట్లో ఎక్కలేదని విన్నాను.

నాకు పని సుభద్ర గారే ఇచ్చారు. మేనేజరు అన్నంత పనీ చేశాడు, చేపల బండ్లు ఆర్నెల్లు మా షెడ్డు వైపు రాలేదు. ఆవిడ ఎవరి దగ్గరికీ వెళ్ళి నచ్చజెప్పలేదు. ట్రాక్టరు పనులు చేస్తూ, నాకు పని నేర్పుతూ కూర్చున్నారు. ఆర్నెల్ల తరవాత డ్రైవర్లే ఒక్కొక్కరుగా రావడం మొదలుపెట్టారు.

నేను గొప్పవాణ్ణయిపోయానని అనుకోవద్దు. మూడో ఏడు అనుకుంటా, ఒక వ్యానుకి ఏడు బోల్టులు తీసి చూశాను. ఎనిమిదోది పనిముట్ల పెట్టె కింద ఉంది. ఆ పెట్టె విప్పడానికే పూట పడుతుంది. బండి అయిపోయిందన్నాను.

"ఎనిమిదోదండీ?" అన్నారు సుభద్ర గారు.

"ఏడూ గట్టిగా ఉన్నాయండి. అదీ ఉంటుంది."

ఆవిడ పానా కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, తొట్టిలోకి ఎక్కి సరిగ్గా ఆ పెట్టె పక్కన కూర్చున్నారు. "పదండి. భీమడోలు దాకా నడపండి" అన్నారు. నేను ఇంజను స్టార్ట్ చేశాను. అద్దంలో ఆవిడ తల కనిపిస్తోంది. గేటు దాకా కూడా పోలేకపోయాను. దిగి పెట్టె విప్పాను. బోల్టు బాగానే ఉంది. "చూశారా, బాగానే ఉంది" అని నవ్వారావిడ. "ఇప్పుడు మీకు తెలుసు. ఇందాక తెలీదు."

ఆవిడ పోయాక షెడ్డుని అన్నదమ్ములు అమ్మేశారు. నేను ఏలూరు వచ్చి సొంతంగా పెట్టుకున్నాను. పోయిన నెల ఒక కాంట్రాక్టరు వ్యాను తెచ్చాడు. పైన తళతళలాడే పూత. సైడు తలుపు ఒక్కటే సరిచేసి పంపమన్నాడు. తొట్టి అంచు పట్టుకుని ఊపితే కదిలింది. బోల్టులు చూడందే పంపనన్నాను. మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారన్నాడు. "చేస్తారండి. వెళ్ళండి" అన్నాను. వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పెదవేగి పామాయిలు తోటలకి ఆ వ్యానులోనే రోజూ కూలీలు వెళ్తారు. ఆ సాయంత్రమే వాళ్ళ ముఠాకి పెద్ద ఎవరో కనుక్కుని ఫోన్ చేశాను. ఆ కాంట్రాక్టరుకి ఊళ్ళో పలుకుబడి ఉంది, నేను షెడ్డు పెట్టి మూడేళ్ళు కూడా కాలేదు. అవతల మనిషి ఎత్తి "ఎవరండీ?" అన్నాడు. నా గొంతు వణికింది. వణుకుతుండగానే చెప్పడం మొదలుపెట్టాను.