ఖాళీలు లెక్కపెట్టే మనిషి

ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాళ్ల బతుకు బయటివాళ్లకి ఓ పట్టాన అర్థం కాదు. వాళ్లు వాయించేదెంతో వాయించకుండా కూర్చునేదీ అంతే. వెనకాల బాకాలు ఊదుతుంటాయి, డ్రమ్ములు దద్దరిల్లుతుంటాయి, వీళ్లు మాత్రం కమాను ఒళ్లో పెట్టుకుని మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఆ వాయించని చోట్లని వాళ్లు ఖాళీలంటారు. లెక్క తప్పి ముందు దిగితే నిండు సభలో నగుబాటు, వెనక దిగినా నగుబాటే.

పేజీలమ్మ తన జన్మలో ఎన్నడూ ఖాళీలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే మనిషి పక్కనే ఉండేది. ఆవిడ ఈమెకి వదిన.

ఇద్దరికీ కలిపి ఒకటే స్టాండ్, దాని మీద ఒకటే స్వరాల పుస్తకం. బయటివైపు కుర్చీ వదినది, లోపలివైపుది ఈమెది. లోపలివైపు కూర్చున్నవాళ్లే పేజీ తిప్పాలని అక్కడి పద్ధతి. తిప్పీ తిప్పీ ఈమెకి పేజీలమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది, అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నిజానికి వదిన మొదట వదిన కాదు, ఒట్టి స్టాండ్ జోడీ. తన పక్కన ఇన్నాళ్లు ఓపిగ్గా కూర్చున్న మనిషి తన అన్నయ్యని కూడా భరించగలదని పేజీలమ్మకి తోచింది. ఓ రోజు రిహార్సల్ అవగానే ఆమెని ఇంటికి వెంటబెట్టుకుపోయింది. అన్నయ్యది కళ్లద్దాల షాపు. మాటల దగ్గర మహా పిసినారి. వచ్చినావిడ కళ్లజోడు కాస్త వంకరగా ఉందని చేతిలోకి తీసుకుని, సరిచేసి, తుడిచి ఇచ్చాడు. ఆ కాస్తకే పెళ్లి కుదిరిపోయింది.

"మీ అన్నయ్యని చూసి చేసుకున్నాననుకున్నావా? పేజీలు తిప్పే మనిషి చేజారిపోతుందని చేసుకున్నా" అని వదిన ఏడిపించేది.

ఖాళీ అయిపోయే ముందు వదిన ముక్కుతో చిన్నగా గాలి ఎగబీల్చేది. జలుబేమీ కాదు, అలవాటు. ఆ చప్పుడు వినగానే పేజీలమ్మ కమాను ఎత్తేది. ఎదురుగా కర్ర ఊపుతున్న కండక్టర్ వైపు మర్యాద కోసం చూసేదంతే. 'పేరుకి కండక్టర్ ఆయనే అయినా టికెట్ మాత్రం మా వదినే ఇస్తుంది' అనుకునేది లోలోపల. ఇంట్లో ఇద్దరూ సాధన చేస్తుంటే పక్కగదిలో అద్దాలు అరగదీసుకునే అన్నయ్యకి కూడా, రాగం కన్నా ముందు ఆ ఎగబీల్పు వినపడేది.

తర్వాత వదినకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రిలో మిషన్ పక్కన పడుకునేది. మిషన్ కూత పెట్టినప్పుడల్లా దుప్పటి మీద వేళ్లు మడుస్తూ ఉండేది.

"ఏం లెక్క వదినా?" అని ఈమె అడిగింది.

"ఇదీ ఓ ఖాళీయే అమ్మాయ్. ఎక్కడ దిగాలో మాత్రం పుస్తకంలో రాయలేదు" అంది వదిన, నవ్వుతూనే.

ఆ ఖాళీ తర్వాత వదిన మళ్లీ వాయించలేదు.

ఆవిడ పోయాక మొదటి రిహార్సల్‌కి పేజీలమ్మ గుండె రాయి చేసుకుని వెళ్లింది. పక్క కుర్చీలో ఎవరూ లేరు. ఖాళీ వచ్చింది. ఈమె కమాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆ గాలి చప్పుడు వస్తుందని ఎదురుచూస్తూ. చుట్టూ అందరూ దిగిపోయారు. పేజీ అయిపోయింది, పక్కవాళ్ల పేజీలు తిరిగాయి, ఈమె చెయ్యి కదల్లేదు. కండక్టర్ వాయిద్యాలన్నిటినీ ఆపి చూస్తే, చెవి పక్కకి వంచుకుని కూర్చునుంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకి మరీ కష్టమనిపించింది. వయొలిన్ పెట్టెలో పెట్టేసి ఇంటికొచ్చి, దాన్ని బీరువా మీదకి ఎక్కించింది.

ఇంట్లోనూ నెమ్మది లేదు. మెట్లెక్కుతుంటే, తలుపు తీయబోతుంటే, ఉన్నట్టుండి ఆ ఎగబీల్పు చెవి పక్కనే వినిపించేది. ఒళ్లు జలదరించి ఆగిపోయేది. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. అన్నయ్యకి చెబుదామనుకుని, పెళ్లాం పోయిన మనిషి దగ్గర ఈ దెయ్యాల గోల ఎందుకులే అని ఊరుకుంది. అన్నయ్య కూడా ఒక్కోసారి భోంచేస్తూ భోంచేస్తూ చటుక్కున తలెత్తి ఆమె వైపు చూసి, మళ్లీ పళ్లెంలోకి దించుకునేవాడు. ఆ చూపేమిటో ఆమె అడగలేదు.

ఇంతలో ఓ రోజు ఆమె షాపులో ఉండగా ఆర్కెస్ట్రా మేనేజర్ అక్కడికే వచ్చాడు. వదిన పడుకున్న ఆ కిడ్నీ వార్డుకి కొత్త మిషన్లు కొనడానికి ఆదివారం సాయంత్రం కచేరీ పెడుతున్నారట. కుర్రకారు వెర్రెత్తిపోయే ఆ ఆకుపచ్చ జుట్టు గాయకుడూ, అతని గిటార్ల బృందమూ ఆర్కెస్ట్రాతో కలిసి పాడతారు. రెండు టికెట్లు బల్ల మీద పెట్టాడు.

"వాయించమని అడగను. వచ్చి వినండి చాలు. మీ ఇద్దరి కుర్చీలూ ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వకుండా ఆపాను. ఇక నా చేతుల్లో లేదమ్మా. కచేరీ అయ్యాక వస్తారో రారో ఒక్క మాట చెప్పేయండి" అన్నాడు.

రానని అప్పుడే చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. ఈలోపు అన్నయ్య టికెట్లు జేబులో పెట్టేసుకున్నాడు.

హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద రంగురంగుల పొగ, డ్రమ్ముల చుట్టూ అద్దంలాంటి అడ్డుతెర. వయొలిన్ల వరసలో చివర వాళ్ల స్టాండ్ అలాగే ఉంది. ఎవరు వేశారో, దాని చిన్న దీపం కూడా వెలుగుతోంది, రెండు ఖాళీ కుర్చీల మధ్య తెరిచిన పుస్తకం మీద. పేజీలమ్మ చూపు పక్కకి తిప్పుకుంది. ఈ పాటలు ఆమెకి కొత్త కావు, ఇంతకుముందు ఇదే గాయకుడితో ఇవే పుస్తకాలు పెట్టుకుని ఇద్దరూ వాయించారు. అప్పట్లోనే వదిన చెవిలో తీగ పెట్టుకోనని పేచీ పెట్టింది. ఇలాంటి కచేరీల్లో వాయించే ప్రతివాళ్ల చెవిలోనూ ఒక తీగ ఉంటుంది, అందులో మిషనే టిక్కు టిక్కుమని లెక్కపెట్టి పెడుతుంది. మనుషులు లెక్కపెట్టే పని లేదు, ముందుగా గాలి పీల్చే పనీ లేదు.

మొదటి పాటలో వయొలిన్లు దిగబోయే ముందు, పేజీలమ్మకి ఆ ఎగబీల్పు స్పష్టంగా వినిపించింది.

ఉలిక్కిపడి పక్కకి చూసింది. అన్నయ్య చూపు వేదిక మీదే ఉంది. రెండో పాటలో మళ్లీ వినిపించింది, సరిగ్గా రావలసిన చోట, రవ్వంత ముందు. ఆమె చూపు ఆ ఖాళీ కుర్చీల మీదకి పోయింది. అంత దూరం నుంచి, అన్ని గిటార్ల రొదలో, ఒక ముక్కు చప్పుడు వినపడటం జరిగే పని కాదు. అయినా వినపడుతోంది. వదిన బతికుండగా ఈమెకి ఆవిడంటే ప్రాణం, కానీ ఆ క్షణాన మాత్రం నిజంగా భయమేసింది. బయటికి పోదామని లేచింది.

"కూర్చో" అన్నాడు అన్నయ్య మెల్లగా, ఆమె మణికట్టు పట్టుకుని.

చివరి పాట అందరూ ఎదురుచూసేది. ఆకుపచ్చ జుట్టతను గిటారు కూడా పక్కన పెట్టి, గుసగుసలాడుతున్నట్టు ఒక్కడే పాడతాడు. అక్కడ వయొలిన్లకి చాలా పెద్ద ఖాళీ. హాలంతా ఊపిరి బిగబట్టింది, చంటిపిల్లలు కూడా ఏడవలేదు. పేజీలమ్మ కళ్లు మూసుకుంది. రాకూడదనుకుంది, వస్తే బావుణ్ణనీ అనుకుంది. అంత నిశ్శబ్దంలో ఎగబీల్పు చెవి పక్కనే వినిపించింది. మరుక్షణం వయొలిన్లన్నీ ఒక్కసారిగా దిగాయి.

పాట అయిపోగానే ముందు వరసలోని పెద్దావిడ వెనక్కి తిరిగి ఒక చేతిరుమాలు అందించింది.

"బాగా జలుబు చేసినట్టుందమ్మా. మొదట్నుంచీ వింటున్నా. ఇదుగో, ఉంచుకో."

అందించింది పేజీలమ్మకి. చూపు సూటిగా ఆమె మీదే ఉంది, పొరబడటానికి లేదు. ఆమె రుమాలు అందుకుంది. చెయ్యి దానంతటదే ముక్కు మీదకి వెళ్లింది. చుట్టూ జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

ఆ సందడి సద్దుమణిగాక అడిగింది. "అన్నయ్యా, అది నేనేనా?"

అతను తల ఊపాడు.

"ఇంట్లో కూడానా?"

"ఆవిడ పోయినప్పట్నుంచీ."

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాల్లో మచ్చేమీ లేదు. "చెబితే ఆపేస్తావని" అన్నాడు.

మెట్ల దగ్గర మేనేజర్ నిలబడి ఉన్నాడు. పేజీలమ్మ ఏడ్చిన మొహంతోనే ఎదురెళ్లింది.

"వస్తాను. కానీ లోపలి కుర్చీ నాకొద్దు, బయటిది కావాలి."

"మరి పేజీలెవరు తిప్పుతారు?"

"ఎవరినైనా కూర్చోబెట్టండి. ఖాళీలు నేను చూసుకుంటాను" అంది. అనేసింది గానీ, ఇంటిదాకా ఆ మాటే తొలుస్తూ వచ్చింది. తెలియనంతసేపూ ఆ ఎగబీల్పు వచ్చింది సరే. తెలిశాక వస్తుందా? రాకపోతే కుర్చీ పోతుంది, అది పోతే పోయింది. అన్నయ్యకి మిగిలిన ఆ కాస్తా తన వల్లే పోతుంది.

మర్నాడు అన్నయ్య షాపు తెరవలేదు. అతనే కుర్చీ ఎక్కి బీరువా మీద నుంచి వయొలిన్ దించి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. తను పక్కగదిలోకి పోయి, తలుపు వేసుకోకుండా కూర్చున్నాడు.

పేజీలమ్మ ఆ చివరి పాట తీసింది. ఖాళీ దగ్గరికి వచ్చి కమాను ఆపి, కాసేపాగి, కావాలని ముక్కుతో గాలి ఎగబీల్చింది. అచ్చం వదినలాగే ఉంది. అయినా అది వదినది కాదని ఇద్దరికీ తెలిసిపోయింది. వేళాకోళానికి ఎవరో వదినని వెక్కిరించినట్టుంది. ఆమెకి సిగ్గేసి కమాను దించేసింది.

"దాని జోలికి పోకు. నువ్వు లెక్కపెట్టుకో. ఆవిడ లెక్కపెట్టేది, అంతే" అన్నాడు అన్నయ్య అవతల్నుంచి.

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఖాళీలో ఒకటి దగ్గర్నుంచి లెక్కపెట్టింది, పెదాలు కదుపుతూ, తప్పిపోతానేమోనని పసిపిల్లలా భయపడుతూ. లెక్క తప్ప ఇంకేదీ మనసులో లేదు. అంకెలు అయిపోయాయి, కమాను తీగల మీద దిగింది, రాగం దిగవలసిన చోటనే దిగింది. గాలి చప్పుడు వచ్చిందో లేదో ఆమె వినలేదు.

పాట అయ్యాక తెరిచిన తలుపులోంచి చూసింది. అన్నయ్య గోడకి తల ఆనించి, కళ్లు మూసుకుని, తడి మొహంతో కూర్చునున్నాడు. వచ్చిందా అని ఆమె అడగలేదు. పేజీ వెనక్కి తిప్పి, మళ్లీ మొదట్నుంచి అందుకుంది.