కాంటా గదిలో కంప్యూటర్

అంకె రాలేదు. పల్లికాయ బస్తాలతో ట్రాక్టర్ కాంటా మీద నిలబడి ఉంది. మామయ్య మౌస్ నొక్కారు. తెర మీద బరువు పడాల్సిన చోటు ఖాళీగానే ఉంది. గడపలో నిలబడ్డ నాకు వెంటనే అర్థమైంది. మధ్యాహ్నం నేను చేసిన పనే అది.

తిమ్మాజిపేట పోయే దారిలో మాకు ధర్మకాంటా ఉంది. లారీలు, ట్రాక్టర్లు తూచే కాంటా అది. దాని గదిలోని లినక్స్ కంప్యూటర్ తప్ప ఇంట్లో మరొకటి లేదు. పిల్లలు పుట్టాక ఆగిపోయిన ఉద్యోగం కోసం మళ్లీ ప్రయత్నిస్తున్నాను. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటి నుంచే చేసుకోవచ్చంది. ముందు పరీక్షగా వాళ్లిచ్చిన కోడ్‌ను సరిచేసి, బిల్డ్ చేసి, మర్నాడు పొద్దున్నే పంపాలి. అందుకు మేవెన్ కావాలి. విడివిడిగా ఉన్న కోడ్‌ను తనంతట తానే కూర్చి, నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే సాధనం అది. మామయ్య అన్నానికి వెళ్లినప్పుడు ఇన్‌స్టాల్ చేశాను. చిన్నది నా ఒళ్లో నిద్రపోతోంది. ముందుకు వెళ్లమంటావా అని కంప్యూటర్ అడిగితే, పక్కన నిలబడ్డ పెద్దది తానే ముచ్చటపడి అవునని 'వై' నొక్కింది.

మేవెన్ తనతో పాటు, ప్రోగ్రాంలను నడిపించే జావాలో కొత్త రకాన్ని తెచ్చుకుంది; కంప్యూటర్ దాన్నే వాడడం మొదలుపెట్టింది. కాంటా ప్రోగ్రాం పాత జావా మీద తప్ప నడవదు.

"ఏంది సేటు, కాంటా గూడ పండుకున్నదా?" అన్నాడు ట్రాక్టర్ రైతు.

"జర ఆగు," అన్నారు మామయ్య.

"నేను ఆగుత. మార్కెట్ ఆగుతదా?"

"మామా, నేను చూస్త. పగటీలి ఒకటి ఇన్‌స్టాల్ చేసిన, దాంతోనే గిట్లయింది," అని కూర్చున్నాను. పాత జావానే వాడమని కంప్యూటర్‌కు చెప్పాను. అంకె వచ్చేసరికి రైతు కాంటా మీద నుంచి ట్రాక్టర్ దింపేశాడు.

"కోడలు చదువు మంచిగ అక్కరకొచ్చింది సేటూ!" అని నవ్వుతూ ఇంకో కాంటాకు మళ్లాడు.

మామయ్య నన్నేమీ అనలేదు. ఎప్పుడూ అనరు. నేను వింటుండగా కొడుక్కే చెప్తారు.

"మీ ఆమెకు చెప్పు. ఇగ ఈ గదిల అడుగు పెట్టొద్దు."

తాళం వేసి, చెవి అంగీ జేబులో వేసుకున్నారు.

"రెండు జావాలు పక్కపక్కన ఉండొచ్చు. కాంటాకు పాతది, నాకు కొత్తది. జరసేపు కూసుంటే చాలు," అన్నాను మా ఆయనతో.

"నాయిన గట్లున్నప్పుడు నేను ఎట్ల అడగాలె? నాలుగు రోజులు పోనీ."

నాలుగు రోజులు పోతే ఆ ఉద్యోగం ఉండదని ఆయనకూ తెలుసు.

మర్నాడు పొద్దున బడికి పంపేముందు జడలు వేస్తుంటే, పెద్దది తల తిప్పకుండానే అడిగింది.

"అమ్మా, నేను నొక్కినందుకేనా తాత గదికి తాళమేసిండు?"

దువ్వెన పక్కన పెట్టి తనను నా వైపు తిప్పుకున్నాను.

"కాదు బిడ్డా. నువ్వు నొక్కింది మంచిగనే నొక్కినవ్," అన్నాను. తర్వాత ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను. "ఇగ మనం ఆ గదిలకు పోవద్దు. తాత అడిగితే, అమ్మనే నొక్కిందని చెప్పుండ్రి."