నన్ను వదిలేసిన తనిఖీ: భవానీపురం నుంచి గుడివాడకు

గుడివాడలో ఉన్న మా చెల్లెలికి రెండు నెలలుగా రేషను కిరసనాయిలు అందలేదని తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. కరెంటు పోతే ఏం వెలిగించుకుంటుంది, గ్యాసు అయిపోతే ఏం వండుకుంటుంది అని ఒకటే దిగులు. ఆ వారంలోనే మా పక్కింటి కరీమున్నీసా వచ్చింది. "అక్కయ్యగారూ, మా షమీమ్‌కి రేపు గుడివాడ స్కూల్లో టీచరు ఇంటర్వ్యూ అండీ, పదిన్నరకి. నాకేమో జొరం. తోడెళ్తారా?" అంది. పిల్ల బీఎడ్ చేసి రెండేళ్లయింది, ఇది మూడో ఇంటర్వ్యూ. సరేనన్నాను. రెండు లీటర్ల డబ్బాలో కిరసనాయిలు పోసి, మూతకు కవరు చుట్టి, సంచీలో చీరల మధ్య పెట్టాను. రైల్లో తీసుకెళ్లకూడదని తెలియక కాదు. అందరూ తీసుకెళ్లడం లేదా అనుకున్నాను.

ఆరింటికే ఆటో ఎక్కాం, స్టేషనుకు ముప్పై రూపాయలు. పాసింజరు ఏడుంపావుకి, టిక్కెట్టు మనిషికి తొమ్మిది రూపాయలు. ఎక్కడో బాంబు పేలిందని పేపర్లో వచ్చింది కాబట్టి గేటు దగ్గర బల్ల వేసి తనిఖీ చేస్తున్నారు. మా వంతు వచ్చేసరికి ఏడయింది. హెడ్డు కానిస్టేబులు నా బొట్టూ నెరిసిన జుట్టూ చూసి, "మీరు పదండి మామ్మగారూ" అన్నాడు. నా వెనకే ఉన్న షమీమ్ బురఖా చూసి, "నువ్విట్రా అమ్మా" అని పక్కన నిలబెట్టాడు.

చెప్పకూడదు గానీ, డబ్బా బయటపడలేదని ముందు నా గుండె కుదుటపడింది. ఈలోగా లేడీ కానిస్టేబులు షమీమ్ ఫైల్లోంచి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. ఎక్కడికి, ఎందుకు, ఎవరున్నారక్కడ అని ఒకటే ప్రశ్నలు. గడియారంలో ఏడూ ఐదు.

"పిల్లకి ఇంటర్వ్యూ ఉంది బాబూ, వదిలెయ్" అన్నాను.

"మీకు తెలీదులెండి మామ్మగారూ. మా జాగ్రత్త మాది."

ఆ మాటకి నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. వెనక్కి వెళ్లి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. వాసన గుప్పుమంది.

"ఇదేంటండీ!"

"కిరసనాయిలు. రెండు లీటర్లు."

లేడీ కానిస్టేబులు నవ్వాపుకోలేక అటు తిరిగింది. "మీ మీద కేసు రాయాలి, తెలుసా?" అన్నాడు హెడ్డు.

"రాయి నాయనా. కానీ ఒక్కటి చెప్పు. ఈ పిల్ల దగ్గర కాగితాలు తప్ప ఏం దొరికింది?"

అతను చెడ్డవాడేం కాదు. "అందర్నీ చూస్తా కూర్చుంటే రైళ్లన్నీ పోతయ్యండీ. ఎవరో ఒకర్ని ఆపాలిగా" అన్నాడు.

షమీమ్ కాగితాలు సర్దుకుంటూనే అంది: "ఆపండి సార్. మొహం చూసి కాదు, లెక్కపెట్టి ఆపండి. ఒకసారి ఐదో మనిషి, ఇంకోసారి మూడో మనిషి, అట్టా మారుస్తా ఉండండి. దాచుకెళ్లేవాడికి భయం, మాకు న్యాయం."

"నువ్వు చెప్పేది ఏం పాఠమమ్మా?"

"లెక్కలు సార్."

"సరిపోయింది!" డబ్బా పక్కన పెట్టించి, నన్ను తిట్టాల్సినంత తిట్టి పంపేశాడు. మేం మెట్లవైపు పరుగెడుతుంటే వెనక, "మూడు, నాలుగు, ఐదు. పూజారిగారూ, మీ పెట్టె" అని వినబడింది. "నాదా? నన్నా?" అంటున్నాడాయన.

మేం ఎక్కగానే బండి కదిలింది. గుడివాడకు గంటన్నర. ఉప్పులూరు దాటాక షమీమ్ అంది: "ప్రతిసారీ నన్నే ఆపుతారు పెద్దమ్మగారూ. ఇంటర్వ్యూలో కూర్చునేసరికి గొంతు వణుకుతా ఉంటది. ఇయ్యాల వణకట్లేదు." స్టేషను నుంచి స్కూలుకి రిక్షా పది రూపాయలు. పన్నెండింటికి బయటికొచ్చి, "సోమవారం నుంచి రమ్మన్నారు!" అని నా చేతులు పట్టుకుంది. ఉత్తచేతుల్తో వచ్చానని చెల్లెలు మాత్రం సాయంత్రందాకా సణిగింది.

బాంబంటే అందరికంటే ముందు భయపడేది నేనే. గడ్డం చూసి రైల్లో సీటు మారిన రోజులూ ఉన్నాయి. టైపు చేస్తున్న మా మనవరాలు "ఇది కూడా రాయాలా మామ్మా?" అంటోంది. రాయమన్నాను. తనిఖీ ఉండాల్సిందే. కానీ నా భయానికి ప్రతిసారీ ఆ పిల్లే ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి? ఆ లెక్క ఆ గేటు దగ్గర ఎన్నాళ్లు నిలిచిందో నాకు తెలియదు. ఒక్క పూటయినా నిలిచింది, నా చెవులతో విన్నాను.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. గంట ముందే స్టేషనుకు చేరుకోండి. మిమ్మల్ని పొమ్మని మీ వెనకవాళ్లను ఆపితే, మీ సంచీ కూడా బల్ల మీద పెట్టడానికి ఆ సమయం సరిపోతుంది.